మన చేప, మన షెడ్డు



మొన్న మంగళవారం రాత్రి మన చదువు కేంద్రంలో ఒక మాట వచ్చింది. ఒక అక్క పలక పక్కన పెట్టి అడిగింది. "టీచరమ్మా! చెరువు మనది. మేత వేసేది మనం. రాత్రిళ్ళు కాపలా కాసేది మన మగాళ్ళు. చేప ఒడ్డుకి వచ్చాక మాత్రం ధర చెప్పేది షావుకారు. మనమే ఒక ప్యాకింగ్ షెడ్డు పెట్టుకుంటే ఏం?"

పక్కనున్న పిన్ని నవ్వింది. "పెట్టుకోవచ్చే! నడపొద్దా మరి?" అంది.

ఇద్దరి మాటా సబబే. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. తర్వాత వారం రోజులు నలుగురిని అడిగాను. కొంత చదివాను. లెక్కలు వేశాను. ఇది అందుకే రాశాను. మెల్లగా చదవండి. లెక్క వచ్చిన చోట పలక చేతిలోకి తీసుకోండి.

షెడ్డులో ఏం జరుగుతుంది?

మన పెదపాడు నుంచి కొల్లేరు వైపు వెళ్ళండి. ఏలూరు, కైకలూరు, ఆకివీడు, భీమవరం దారుల్లో ఐసు ఫ్యాక్టరీలు, ప్యాకింగ్ షెడ్లు కనిపిస్తాయి. తెల్లవారుజామున చెరువులో వల లాగుతారు. శీలావతి, బొచ్చె, ఇంకా ఏం పడితే అవి వ్యానులో షెడ్డుకి వస్తాయి. అక్కడ కడుగుతారు. రకం వేరు చేస్తారు, సైజు వేరు చేస్తారు, కాటా వేస్తారు. ట్రేలో ఒక వరుస ఐసు, ఒక వరుస చేప, మళ్ళీ ఐసు వేసి లారీకి ఎక్కిస్తారు. ఆ లారీ హౌరా పోవచ్చు, బీహార్ పోవచ్చు, అస్సాం పోవచ్చు. హౌరాకే వెయ్యి కిలోమీటర్ల పైన ప్రయాణం.

ఇంత ఐసు ఎందుకు? చేప చచ్చిన దగ్గర్నుంచి దాన్ని కంటికి కనిపించని క్రిములు తినడం మొదలుపెడతాయి. వేడికి అవి త్వరగా పెరుగుతాయి. చలికి నెమ్మదిస్తాయి. మన ఎండలో పొద్దున పట్టిన చేప సాయంత్రానికే వాసన వేస్తుంది. అందుకే ఎండాకాలం కిలో చేపకి కిలో ఐసు దాకా వేస్తారు.

ఇప్పుడు షెడ్డు వాళ్ళు ఇచ్చే బిల్లు చీటీ చూద్దాం. అందులో బరువు ఉంటుంది. కింద 'తరుగు' అని ఉంటుంది. తరుగు అంటే నీరు కారి బరువు తగ్గుతుందని ముందే తీసేసేది. ఒక లెక్క వేద్దాం. వంద కిలోలకు 5 కిలోలు తరుగు పెట్టారు అనుకోండి. 4,000 కిలోల పట్టుబడికి 200 కిలోలు పోతాయి. కిలో 100 రూపాయలు అయితే 20,000 రూపాయలు. మీలో చాలామంది ఇళ్ళలో ఆ చీటీ చూరులో దోపి ఉంటుంది. నిరుడు దాన్ని చదవలేకపోయారు. ఇప్పుడు చదవగలరు.

'ఆ 20,000 మన షెడ్డు అయితే మనకే మిగులుతుంది కదా' అంటారు. కొంత మిగులుతుంది, మొత్తం మిగలదు. నీరు కారడం నిజం. దారిలో కొంత నలగడం నిజం. మన షెడ్డులోనూ ఎంతో కొంత తరుగు ఉంటుంది. కాకపోతే ఎంత పోయిందో మన కళ్ళ ముందే కాటా మీద తెలుస్తుంది.

డబ్బు వచ్చే లోపల

షెడ్డు అనగానే అందరూ గోడలు, రేకులు, ఐసు మిషను గురించి ఆలోచిస్తారు. నేనూ అలాగే ఆలోచించాను. నిజానికి అవి తేలిక. వాటికి సబ్సిడీలు దొరుకుతాయి, అప్పులు దొరుకుతాయి. చిక్కు వేరే చోట ఉంది.

పలక మీద రాయండి.

రోజుకి ఒక లారీ. లారీకి 10,000 కిలోలు. కిలో 100 రూపాయలు.
ఒక లారీ చేప విలువ = 10,00,000 రూపాయలు. పది లక్షలు.

లారీ వెళ్ళి, అక్కడ అమ్మి, డబ్బు మనకి చేరడానికి ఏడు రోజులు పట్టింది అనుకుందాం. మన రైతు ఏడు రోజులు ఆగుతాడా? మేత కొట్టుకి బాకీ ఉంటుంది. పట్టుబడి కూలీలకు ఆ పూటే ఇవ్వాలి. అంటే షెడ్డు రైతుకి ముందే డబ్బు ఇవ్వాలి. ఏడు రోజుల్లో ఏడు లారీలు వెళ్తాయి. 70 లక్షలు దారిలోనే ఉంటాయి.

మనం 300 మంది చేరాం, మనిషికి 1,000 రూపాయల వాటా కట్టాం. ఎంత అయింది? 3 లక్షలు. ఒక్క లారీకి కూడా చాలదు. ఇంకా 67 లక్షలు కావాలి.

'అంత అప్పుకి వడ్డీ ఎంత అవుతుందో' అని పిన్ని గుండెల మీద చెయ్యి వేసుకుంది. వేసి చూశాం. నూటికి నెలకి ఒక రూపాయి వడ్డీ అయితే 67 లక్షలకు నెలకి 67,000. నెలలో 30 లారీలు, అంటే 3 లక్షల కిలోలు. పంచితే కిలోకి 22 పైసలు. 'ఓస్, ఇంతేనా!' అన్నారు అందరూ. అవును, వడ్డీ చిన్నదే. కానీ ఆ 67 లక్షలు మనకి ఎవరు ఇస్తారు? బ్యాంకు హామీ అడుగుతుంది. భూమి కాగితం అడుగుతుంది. కౌలు చెరువుకి ఏ కాగితం చూపిస్తాం?

షావుకారు బలం ఇక్కడే ఉంది. ఐసు పెట్టడం ఆయన ఒక్కడికే రాదు, మనవాళ్ళకీ వచ్చు. కానీ ఆయన చేతిలో డబ్బు ఉంటుంది. పిల్ల వేసేటప్పుడే అడ్వాన్సు ఇస్తాడు, మేతకి అప్పు ఇస్తాడు. 'పట్టుబడి నాకే' అని మాట తీసుకుంటాడు. ఆ మాట ఇచ్చిన రైతు మన షెడ్డులో సభ్యుడైనా, చేప మాత్రం అక్కడికే పోతుంది.

కిలోకి రెండు రూపాయల కోసం

మరో లెక్క. ఇది ఇంకా ముఖ్యం. షెడ్డుకి చేప వచ్చినా రాకపోయినా పోయే ఖర్చులు ఉంటాయి. స్థలం అద్దె, కరెంటు కనీస బిల్లు, గుమాస్తా జీతం, వాచ్‌మన్ జీతం, అప్పు వాయిదా. ఇవన్నీ కలిపి నెలకి 3 లక్షలు అనుకుందాం.

నెలకి 3,00,000 కిలోలు వస్తే కిలోకి 1 రూపాయి.
1,50,000 కిలోలు వస్తే కిలోకి 2 రూపాయలు.
30,000 కిలోలే వస్తే కిలోకి 10 రూపాయలు.

మన షెడ్డు మొదలైంది అనుకోండి. బయట షావుకారు చూస్తూ ఊరుకోడు. 'కిలోకి రెండు రూపాయలు ఎక్కువ ఇస్తాను, నా దగ్గరికి రండి' అంటాడు. అది ఆయన వ్యాపారం, తప్పు పట్టలేం. ఆ రెండు రూపాయల కోసం సగంమంది వెళ్తారు. 4,000 కిలోల మీద 8,000 రూపాయలు. పిల్లల ఫీజు కట్టేయొచ్చు. ఎవరికి చేదు? కానీ సగం చేప తగ్గగానే మన షెడ్డు ఖర్చు కిలోకి ఒక రూపాయి పెరుగుతుంది. మిగిలినవాళ్ళకి ధర తగ్గించి ఇవ్వాలి. అప్పుడు వాళ్ళలో సగం వెళ్తారు. ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఆరు నెలల్లో షెడ్డుకి తాళం. తాళం పడిన మర్నాడు ఆ రెండు రూపాయలూ ఉండవు.

షెడ్డులో వాటాదారు మనమే. షెడ్డుకి చేప తెచ్చేదీ మనమే. వాటాదారుగా షెడ్డు బతకాలని కోరుకుంటాం. చేప తెచ్చేవాళ్ళుగా ఈ పూట ఎక్కడ ఎక్కువ ఇస్తే అక్కడికి పోవాలని చూస్తాం. ఒకే ఇంట్లో ఈ రెండు బుద్ధులూ ఉంటాయి. కొన్నిసార్లు మొగుడిది ఒకటి, పెళ్ళానిది ఇంకొకటి!

ఈ చిక్కు మనకే కాదు. దూరాన డెన్మార్క్ అనే చిన్న దేశం ఉంది. అక్కడి రైతులు పందులు పెంచి పక్క దేశం జర్మనీకి ప్రాణంతో అమ్మేవాళ్ళు. 1887లో జర్మనీ, రోగాలు వస్తున్నాయని, ప్రాణంతో ఉన్న పందులను రానివ్వడం ఆపేసింది. రైతులకి దిక్కు తోచలేదు. ఆ ఏడాదే హోర్సెన్స్ అనే ఊళ్ళో రైతులు కలిసి సొంత కబేళా పెట్టుకున్నారు. అక్కడే పందిని కోసి, ఉప్పు పట్టించి, ఆ మాంసం ఇంగ్లండుకి పంపారు. వాళ్ళు ఇలాంటి కబేళాలకు రెండు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఎన్ని పందులున్నా మనిషికి ఒక్కటే ఓటు. సభ్యుడు తన పందులను సొంత కబేళాకే ఇవ్వాలి, కొన్నేళ్ళపాటు బయట అమ్మకూడదు. అది కాగితం మీద సంతకం పెట్టి ఒప్పుకోవాలి.

ఆ కబేళాలు నిలిచాయి. ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవయ్యాయి. ఇప్పుడు డేనిష్ క్రౌన్ అని రైతుల సొంత కంపెనీ ఉంది, ప్రపంచంలో పెద్ద మాంసం కంపెనీల్లో ఒకటి. అయినా చిక్కు తీరలేదు. చాలామంది రైతులు పంది పిల్లలను చిన్నప్పుడే పోలెండుకి, జర్మనీకి అమ్మేస్తున్నారు. కబేళాకి పందులు తగ్గాయి. 2024లో ఆ కంపెనీ రింగ్‌స్టెడ్ అనే ఊళ్ళోని పెద్ద కబేళాను మూసేస్తున్నామని చెప్పింది. నూట ముప్ఫై ఏళ్ళు దాటినా అదే రెండు రూపాయల కథ. ఇది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

మన కొల్లేట్లో ఏం జరిగింది?

పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. 1976 ప్రాంతంలో, జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, కొల్లేరులో చెరువులు తవ్వించి మత్స్యకారుల సంఘాలకు, దళితుల సంఘాలకు ఇచ్చారు. చెరువు సంఘానిది. చేప సంఘానిది. లాభం సభ్యులందరిదీ. మంచి ఆలోచన.

కానీ చెరువుకి పిల్ల కావాలి, మేత కావాలి. అంటే డబ్బు కావాలి. సంఘాల దగ్గర అది లేదు. మెల్లగా బయటి నుంచి డబ్బున్నవాళ్ళు వచ్చారు. లీజు పేరుతో చెరువులు వాళ్ళ చేతుల్లోకి పోయాయి. కాగితం మీద సంఘం ఉంది. సభ్యుడు మాత్రం తన చెరువులోనే కూలి.

తర్వాత చెరువులు మరీ ఎక్కువయ్యాయి. సరస్సు కుంచించుకుపోయింది. 1999లో ఐదో కాంటూరు లోపలి కొల్లేరును పక్షుల కోసం అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ప్రభుత్వం ఆ గీత లోపలి చెరువుల గట్లను యంత్రాలతో కొట్టించింది. వేల ఎకరాల చెరువులు పోయాయి. అందుకే షెడ్డు పెట్టేవాళ్ళు ముందు ఒకటి చూసుకోవాలి. మనకి చేప వచ్చే చెరువులు గీత లోపల ఉన్నాయా, బయట ఉన్నాయా? లోపలి చెరువులను నమ్ముకుంటే ఏ రోజు ఏమవుతుందో తెలియదు. బ్యాంకూ డబ్బు ఇవ్వదు.

నేను పుట్టకముందు మా నాన్న కూడా ఒక సంఘంలో వాటా కట్టారు. ఆ సంఘం పేరు ఇక్కడ ఎందుకు గానీ, అది ఎప్పుడో మూతపడింది. రసీదు మాత్రం మా ట్రంకుపెట్టెలో ఉంది. 'లెక్క ఎప్పుడైనా అడిగావా నాన్నా?' అంటే, 'అడిగితే బాగుండదని ఊరుకున్నాం' అన్నారు.

ములుకనూరు ఆడవాళ్ళు

ఇన్ని చిక్కులు చెప్పాను కదా అని దిగులు పడకండి. హనుమకొండ జిల్లాలో ములుకనూరు అనే ఊరు ఉంది. అక్కడ 2002 నుంచి ఒక పాల ఫ్యాక్టరీ నడుస్తోంది. సభ్యులంతా ఆడవాళ్ళే. పాల ప్యాకెట్టు పేరు 'స్వకృషి'. పాలు పోసేది వాళ్ళు, వాటా వాళ్ళది, పాలకవర్గం వాళ్ళది. మిగులు వస్తే ఎవరు ఎంత పాలు పోశారో ఆ లెక్కన పంచుకుంటారు.

వాళ్ళు ఎలా నిలిచారు? ఒక్క రోజులో ఫ్యాక్టరీ కట్టలేదు. ఆ ప్రాంతపు ఆడవాళ్ళు 1990ల నుంచే పొదుపు సంఘాలు నడిపారు. పదులూ ఇరవైలూ కూడబెట్టారు. అప్పు ఇవ్వడం, వసూలు చేయడం, పుస్తకం రాయడం ముందు నేర్చుకున్నారు. ఆ తర్వాతే పాల జోలికి వెళ్ళారు. మన డ్వాక్రా సంఘాల్లో మనకీ ఆ అలవాటు కొంత ఉంది.

వాళ్ళది 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార చట్టం కింద పెట్టుకున్న సంఘం. పాత 1964 చట్టం కింద సంఘం మీద అధికారుల పెత్తనం ఎక్కువ. 1995 చట్టం కింద ప్రభుత్వం వాటా డబ్బు పెట్టదు, పెత్తనమూ చెయ్యదు. 2002లో కంపెనీల చట్టం మార్చాక ఇంకో దారి కూడా వచ్చింది. పదిమంది ఉత్పత్తిదారులు కలిస్తే సొంత కంపెనీ పెట్టుకోవచ్చు. అందులోనూ మనిషికి ఒక్క ఓటే.

పాలకీ చేపకీ ఒక తేడా ఉంది. పాలు పూటపూటా వస్తాయి, ఆగవు. చేప నీళ్ళలో ఉన్నంతకాలం కొన్నాళ్ళు ఆగుతుంది. మేత ఖర్చు అవుతుంది గానీ పాడవదు. కాబట్టి ఎవరి చెరువు ఏ వారం పట్టాలో వంతులు వేసుకోవచ్చు. అప్పుడు షెడ్డుకి రోజూ చేప ఉంటుంది. వంతు తప్పకుండా ఉండడమే కష్టం. ధర లేచిన వారం అందరూ 'ముందు నాది' అంటారు. తుపాను వస్తోందంటే అందరూ ఒకేసారి వల వేస్తారు. పెద్ద రైతు చేపని ముందు తీసుకుని చిన్న రైతుని ఆపితే, సంఘం ఆ రోజే విరిగినట్టు.

మరి మొదలుపెట్టేది ఎలా?

నా మటుకు నేను ముందు షెడ్డు కట్టవద్దనే అంటాను. లెక్క చూడండి. వారానికి ఒకే లారీ పంపితే దారిలో ఉండే డబ్బు 10 లక్షలే. ఆ డబ్బు తిరిగి వచ్చాకే రెండో లారీ వెళ్తుంది. అదే సొంత షెడ్డు కట్టేస్తే? నెలకి నాలుగు లారీలు, 40,000 కిలోలు. నెల ఖర్చు 3 లక్షలు. కిలోకి 7 రూపాయల 50 పైసలు పడుతుంది. మునిగిపోతాం. కాబట్టి మొదట వేరేవాళ్ళ షెడ్డుని ఆ ఒక్క రోజుకి అద్దెకి తీసుకోవాలి. కాటా దగ్గర మన మనిషి నిలబడాలి. ఎవరికి అమ్మితే డబ్బు నిలబడుతుందో, ఎవరు ఎగవేస్తారో ఆ చిన్న వ్యాపారంలో తెలుస్తుంది. వంద మైళ్ళ అవతల కూడా కాదు, వెయ్యి కిలోమీటర్ల అవతలి వ్యాపారి 'మీ చేప మెత్తబడింది, ధర తగ్గింది' అని ఫోనులో అంటే, నిజమో కాదో చూసే మనిషి మనకి అక్కడ ఉండాలి కదా!

పెద్దయ్యాక కిలోకి ఒక రూపాయి సభ్యుల పేరున ఆపుకోవచ్చు. నెలకి 3 లక్షల కిలోలు వచ్చే రోజుకి అది నెలకి 3 లక్షలు, ఏడాదికి 36 లక్షలు. రెండేళ్ళలో 72 లక్షలు. ఇందాకటి 70 లక్షల గొయ్యి పూడింది చూశారా! ఆ రూపాయి కోత కాదు. ఎవరిది ఎంతో పాసు పుస్తకంలో ఉండాలి. చదివి చూసుకోవాలి.

ఇంకో మాట, పేరు గురించి. 2018 జులైలో, చేపలకు ఫార్మలిన్ అనే విషపు మందు కలుపుతున్నారన్న గొడవ పుట్టింది. శవాలు చెడకుండా వాడే మందు అది. అస్సాం ప్రభుత్వం బయటి రాష్ట్రాల చేపను కొన్నాళ్ళు ఆపింది. 2019 జనవరిలో పాట్నాలో ఆంధ్రా చేప అమ్మకాన్ని ఆపారు. ఎక్కడ ఎవరి లారీలో ఏం దొరికినా, ఇక్కడ అందరి చేపకీ ధర పడుతుంది. సొంత షెడ్డు ఉన్నవాళ్ళు ఐసుకి వాడే నీళ్ళు మంచివా, ట్రేలు కడిగారా అని రోజూ చూసుకోవాలి. ఆహార భద్రత లైసెన్సు తీసుకోవాలి. ఈ ఖర్చు మిగలదు అనిపిస్తుంది. చేప వెనక్కి వచ్చిన రోజు తెలుస్తుంది దాని విలువ.

ఇంత చెప్పాక, మొదట అడిగిన అక్క మళ్ళీ చెయ్యెత్తింది. "టీచరమ్మా! సభ్యత్వం ఎవరి పేరున రాస్తారు?" అని.

అందరూ ఒక్కసారి ఊరుకున్నారు. చాలా ఇళ్ళలో చెరువు కౌలు కాగితం మగవాళ్ళ పేరునే ఉంటుంది. మేత కలిపేది ఆడమనిషి అయినా, పుస్తకంలో ఆవిడ లేదు. పుస్తకంలో లేకపోతే ఓటు లేదు. లెక్క అడిగే హక్కూ లేదు. ములుకనూరులో ఆడవాళ్ళ పేరునే సభ్యత్వం పెట్టుకున్నారు. మనం కౌలు కాగితంలో రెండో పేరు రాయించుకోగలమా? అది ఇంట్లో అడగాల్సిన మాట. "మా ఆయన్ని ఈ రాత్రే అడుగుతా" అంది పిన్ని. ఇందాక నవ్విన పిన్నే!

వచ్చే మంగళవారం మీ ఇళ్ళలో ఉన్న పాత బిల్లు చీటీలు తీసుకురండి. తడిసినవైనా, చిరిగినవైనా ఫరవాలేదు. ముందుగా తరుగు ఎంత పెట్టారో చదువుదాం.